తాతలు తాగిన నెయ్యి, టోల్టెక్కుల చరిత్ర

మొన్న దసరాకి బాబాయి వాళ్లింటికి వెళ్తే టీపాయ్ మీద ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం కనిపించింది. అందులో ఉన్నది టోల్టెక్కుల జ్ఞానమని అట్ట మీదే రాసుంది. తెప్పించుకున్నది బాబాయి కొడుకు. "వెయ్యేళ్ల కిందట మెక్సికోలో ఉండేవాళ్లట అన్నయ్యా, మన ఋషుల్లాంటి వాళ్లు" అన్నాడు. ఋషులని ఎవరు చెప్పార్రా అంటే ఫోన్ తీసి వెతికాడు. కాసేపటికి, "వీళ్ల చరిత్ర రాజుల పేర్లతో సహా రాసిపెట్టింది ముఖ్యంగా ఒకాయనట. ఆయన్నేమో అంతగా నమ్మొద్దంటున్నారు" అని నిరుత్సాహంగా చెప్పాడు.

ఆయన పేరు వాడికి నోరు తిరగలేదు. ఫెర్నాండో దె అల్వా ఇష్ట్‌లిల్‌షోచిట్ల్. నాలుగు వందల ఏళ్ల కిందటి మెక్సికో మనిషి. ఆ పేరు నాకూ అంతంతమాత్రమే, కాబట్టి ఇక్కడ అల్వా అనే అంటాను. ఆయన్ని నమ్మొద్దన్న మాట నేనూ చాలాచోట్ల చదివాను, కొంతవరకు ఒప్పుకుంటాను కూడా. కానీ అల్వాని తోసేసినంత తేలిగ్గా స్పానిష్ సన్యాసుల రాతల్ని మాత్రం ఎవరూ తోసెయ్యరు. ఇద్దరూ రాసింది చూడని కాలం గురించే. ఇద్దరికీ రాయడానికి సొంత అవసరాలున్నాయి. అలాంటప్పుడు ఒకరిది ఆధారం, ఇంకొకరిది కట్టుకథ ఎలా అవుతాయన్నదే నా గొడవ.

ఉన్నారా, లేరా

టోల్టెక్కుల విషయంలో పండితులు ఒక కొస నుంచి ఇంకో కొసకి పోతూనే ఉన్నారు. 1880ల్లో ఫ్రెంచి యాత్రికుడు దెజిరె షార్నే మధ్య మెక్సికోలోని తులాలో తవ్వాడు, యుకతాన్‌లో చిచెన్ ఇత్సా అనే మాయా శిథిల నగరం చూశాడు. రెండుచోట్లా ఒకే పోలిక ఉన్న శిల్పాలు కనిపించేసరికి అక్కడి నాగరికతకంతటికీ టోల్టెక్కులే మూలపురుషులన్నాడు. 1887లో అమెరికన్ పండితుడు డేనియల్ బ్రింటన్ అసలు టోల్టెక్ అనే జాతే లేదు, అదంతా పురాణం పొమ్మన్నాడు. ఆ తరవాత చాలామంది, కథల్లో టోల్టెక్కుల రాజధానిగా చెప్పే తొల్లాన్ మహానగరం అంటే తియోతివకాన్ అయ్యుంటుందనుకున్నారు. అంతంత పిరమిడ్లు ఉన్నది అక్కడే కదా.

1941లో మెక్సికో సిటీలో పురావస్తు పండితులు, చరిత్రకారులు ఈ సంగతి తేల్చుకోవడానికే సభ పెట్టుకున్నారు. విగ్బెర్తో హిమేనెస్ మొరేనో అనే ఆయన అజ్టెక్కుల భాష నావాట్ల్‌లో ఉన్న పాత రాతల్లో తొల్లాన్ చుట్టూ ఉన్నాయని చెప్పే కొండల పేర్లు, ఊళ్ల పేర్లు తీసి, ఇదాల్గో రాష్ట్రంలోని తులా చుట్టుపక్కల ఉన్న పేర్లతో పోల్చి చూపించాడు. హోర్హే అకోస్తా అంతకు ముందు ఏడాదే అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. తొల్లాన్ అంటే తులానే అని సభ తీర్మానించింది. పాఠ్యపుస్తకాల్లోకి అదే ఎక్కింది.

సభ తీర్మానించింది సరే. బెర్నార్దినో దె సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి పదహారో శతాబ్దంలో స్థానిక పెద్దల నుంచి సేకరించిన కథనంలో తొల్లాన్ ఎలా ఉంటుందో చూడండి. అక్కడ పత్తి రంగు వెయ్యకుండానే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లాంటి రంగుల్లో కాయ పగులుతుంది. మొక్కజొన్న పొత్తుని రెండు చేతులా వాటేసుకోవాలి. తోటకూర కాడలు చెట్ల మాదిరి ఎక్కొచ్చు. కోకో విరగకాస్తుంది. ఇక అసలు తులా ఉన్నది సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తున, గాలి కొట్టే పొడి నేల మీద. అక్కడ పత్తీ పండదు, కోకో అసలే పండదు. గుడి మీద నాలుగు రాతి యోధులు నిలబడి ఉంటారు, ఒక్కొక్కరూ నాలుగున్నర మీటర్ల పైచిలుకు. చూడ్డానికి గంభీరంగానే ఉంటారు. వాళ్ల చుట్టూ ఉన్న గోడలు మాత్రం చాలావరకు పచ్చి ఇటుక, మట్టి, సున్నం పూత.

నా మటుకు నాకు తులా పెద్ద ఊరేనన్న విషయంలో అనుమానం లేదు. మంచి రోజుల్లో పదమూడు నుంచి పదహారు చదరపు కిలోమీటర్ల మేర ఇళ్లున్నాయి, పదుల వేల జనం బతికారు. తరవాత కాలిపోయింది. తరవాతి కాలంలో అక్కడ రాజ్యమేలిన అజ్టెక్కులు వచ్చి ఆ దిబ్బలు తవ్వి శిల్పాలు పట్టుకుపోయారు కూడా. కానీ టోల్టెక్ సామ్రాజ్యం, దాని చక్రవర్తులు, వాళ్ల ఏళ్లు, యుద్ధాలు? అవేవీ మట్టిలో దొరికినవి కావు, కాగితాల మీద దొరికినవి. చిచెన్ ఇత్సా పోలికలకి కారణం దండయాత్రా, వ్యాపారమా, ఎవరు ఎవర్ని చూసి కట్టారు అన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఇక్కడ వదిలేస్తాను.

వారసుడి లెక్క

అల్వా పుట్టింది 1578 ప్రాంతంలో, పోయింది 1650లో. తండ్రి స్పెయిన్ వాడు. తల్లి వైపు తియోతివకాన్ దొరల కుటుంబం, అజ్టెక్కుల మిత్ర నగరమైన తెస్కోకో రాజుల రక్తం. అమ్మమ్మకి అమ్మ ఉంటుంది కదా, ఆమె తండ్రే 1521లో స్పానిష్ సేనాని కోర్తెస్‌తో చేతులు కలిపి అజ్టెక్ రాజధాని మీదకి వెళ్లిన ఇష్ట్‌లిల్‌షోచిట్ల్. మన అల్వా ఆ పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. లెక్క తీస్తే ఒంట్లో మూడొంతులు స్పానిష్ రక్తమే. ఇవాళ అమెరికా జనాభా లెక్కల ఫారం చేతికిస్తే హిస్పానిక్ గడిలో టిక్కు పెట్టాల్సిన మనిషి. ఉద్యోగాలు మాత్రం స్థానికుల వ్యవహారాల్లో చేశాడు. తెస్కోకోకి కొంతకాలం గవర్నరు, తరవాత ఇండియన్ల (స్పెయిన్ వాళ్లు అక్కడి మూలవాసుల్ని అలా పిలిచేవాళ్లు) కేసులు విచారించే కోర్టులో దుబాసీ. తమ్ముడు బర్తొలొమే చర్చి ఫాదరీ, స్పానిష్ నాటకాల్ని నావాట్ల్‌లోకి తిరగరాసినవాడు. చదువుకున్న ఇల్లు.

అల్వా టోల్టెక్ చరిత్ర చదువుతుంటే మొదట నవ్వొస్తుంది. జలప్రళయం వస్తుంది. జనం ఎత్తైన గోపురం కడతారు, భాషలు కలగాపులగమైపోయి చెల్లాచెదురవుతారు. రాక్షసుల్లాంటి మహాకాయులుంటారు. టోల్టెక్ రాజు ఏలాల్సింది సరిగ్గా 52 ఏళ్లు. ముందే పోతే మిగతా కాలం పెద్దలు నడిపిస్తారు, బతికుంటే గడువు కాగానే కొడుక్కి అప్పగించాలి. 52 ఏళ్లంటే వాళ్ల పంచాంగంలో ఒక పూర్తి చక్రం. అంటే ఇది పంచాంగాన్ని రాజుల మీద పరిచి గీసిన వంశవృక్షం. తేదీలు కూడా ఒక రచనలో చెప్పినవి ఇంకో రచనలో మారిపోతాయి. ఇందులో కొంత ఆయన తప్పు కాదు. ఒకే పేరున్న సంవత్సరం 52 ఏళ్లకోసారి తిరిగొస్తుంది, మన ప్రభవ విభవల లాగా. ఫలానా పేరు గల ఏడాది అని బొమ్మలో ఉంటే అది ఏ ఆవృత్తంలోదో ఊహించుకోవాల్సిందే.

ఇక షోచిట్ల్ కథ. పాపంత్సిన్ అనే పెద్దమనిషి కిత్తలి రసం కాచిన నల్లటి పాకాన్ని కూతురు షోచిట్ల్ చేత రాజు తెక్‌పంకల్‌త్సిన్‌కి కానుకగా పంపిస్తాడు. రాజుకి పాకం కంటే పిల్ల ఎక్కువ నచ్చుతుంది. దాచేసుకుంటాడు. వాళ్లకి పుట్టినవాడే తోపిల్‌త్సిన్. వాడి కాలంలోనే రాజ్యం మట్టిగొట్టుకుపోతుంది. మెక్సికోలో ఈ కథ చిన్నపిల్లలకి కూడా తెలుసు, కాకపోతే పుల్కే కల్లు కనిపెట్టిన కథగా తెలుసు. 1869లో హోసే ఒబ్రెగోన్ వేసిన పెద్ద తైలవర్ణ చిత్రంలోనూ పుల్కేనే. అల్వా రాసింది పాకం గురించి. దాన్ని పులియబెట్టింది తరవాతివాళ్లు.

అసలు చూడాల్సింది కథ ఎటు పోతుందన్నది. రాజ్యం కూలాక తోపిల్‌త్సిన్ కొడుకు పోచోట్ల్ అనే పసివాడు బతికి బట్టకడతాడు. ఉత్తరాది నుంచి షోలోట్ల్ అనే చిచిమెక్ నాయకుడు, తోళ్లు కట్టుకున్న వేటగాళ్లని వెంటేసుకుని దిగుతాడు. అతని కొడుకు నోపల్‌త్సిన్ పోచోట్ల్ కూతుర్ని పెళ్లాడతాడు. వాళ్ల సంతతే తెస్కోకో రాజులు. ఆ రాజుల సంతతి ఎవరో పైన చెప్పాను. అంటే వెయ్యి మలుపులు తిరిగిన టోల్టెక్ చరిత్ర చివరికి వచ్చి ఆగేది రాస్తున్న మనిషి గుమ్మంలోనే.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టే ఉంది కదా! నిజమే. అయితే ఆ మూతులప్పుడు ఏం తింటున్నాయో కూడా అల్వానే రాశాడు. నెసవల్‌కోయోట్ల్ అనే పాత తెస్కోకో రాజు సంతతి పొట్టకూటికి నేల దున్నుతూ, తవ్వుతూ, మామూలు రైతుల్లాగే తలకి పది వెండి రియాళ్లు, అర ఫనేగా (స్పానిష్ ధాన్యం కొలత) మొక్కజొన్న పన్ను కడుతున్నారని స్పెయిన్ రాజుకి వినపడేలా మొత్తుకున్నాడు. ఈ చరిత్ర ఒక రకంగా అర్జీ. అర్జీలో అబద్ధాలుంటాయి. కానీ పట్టుబడితే కొంప మునిగే అబద్ధాలు ఎవరూ అంత తేలిగ్గా రాయరు.

ఇలాంటి రాతలు మనకి కొత్తవి కావు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. విజయనగర కాలంలో పైకొచ్చిన తెలుగు దొరలు తమ మూలపురుషుడు ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్నాడని వంశావళుల్లో రాయించుకున్నారు. అందులో ఎవరు నిజంగా ఉన్నారో తేల్చడం కష్టం. కానీ ఆ రెండు మూడు వందల ఏళ్లలో తెలుగునేల మీద గౌరవం కావాలంటే ఎవరి పేరు చెప్పుకోవాల్సి వచ్చిందో వాటిని చదివితేనే తెలుస్తుంది. కాకతీయుల మీద పనిచేసిన సింథియా టాల్బట్ లాంటి చరిత్రకారులు ఆ వంశావళుల్ని పారేయలేదు, కావాలని వెతుక్కుని మరీ చదివారు.

సన్యాసికో న్యాయం, వారసుడికో న్యాయం

సహగూన్ మీద నాకు గౌరవం ఉంది. తెపెయాపుల్కోలో, త్లతెలోల్కోలో పెద్దల్ని కూర్చోబెట్టి, ప్రశ్నావళి తయారుచేసుకుని, వాళ్లు చెప్పింది వాళ్ల భాషలోనే రాయించాడు. రాసినవాళ్లు కూడా ఆయన దగ్గర లాటిన్ నేర్చుకున్న నావా (నావాట్ల్ మాట్లాడే) కుర్రాళ్లే. అల్వా కంటే సహగూన్‌నే నమ్మాలన్న వాదనకి బలం ఉంది. సహగూన్ పుటలో ఎవరో ముసలాయన గొంతు ఇవాళ్టికీ నావాట్ల్‌లో వినిపిస్తుంది. అల్వా రాసిందంతా స్పానిష్‌లో. ఆయనకి ఎవరేం చెప్పారో, ఆయన ఏం మార్చారో పక్కపక్కన పెట్టి చూసే వీల్లేదు.

కానీ ఆ పెద్దలెవరు? ఓడిపోయిన నగరం వాళ్లు, కొత్త మతంలోకి మారినవాళ్లు, ఎదురుగా కూర్చున్నది చర్చి. అజ్టెక్కులకి కూడా టోల్టెక్ రక్తం కావాల్సివచ్చింది. తమ మొదటి రాజుని టోల్టెక్ సంబంధం ఉన్న కులవకాన్ ఇంటి నుంచి తెచ్చుకున్నామని చెప్పుకున్నారు. వాళ్ల రాజు ఇత్స్‌కోవాట్ల్ పదిహేనో శతాబ్దంలో పాత చిత్రగ్రంథాలన్నీ తగలబెట్టించాడని చెప్పింది సహగూన్ గ్రంథమే. జనానికి అందులో ఉన్నవి తెలియడం మంచిది కాదట! అంటే స్పెయిన్ వాళ్లు రాకముందే గతాన్ని ఒకసారి తిరగరాశారు. సహగూన్‌కి అందింది ఆ తిరగరాసిన ప్రతి.

కెత్సల్‌కోవాట్ల్ సంగతే చూడండి. తొల్లాన్ రాజు కెత్సల్‌కోవాట్ల్ తూర్పుకి వెళ్లిపోయాడు, తిరిగొస్తానన్నాడు, కోర్తెస్ ఓడ దిగగానే అజ్టెక్ రాజు మోక్తెసూమా ఆ దేవుడే వచ్చాడని గజగజలాడాడు. ప్రపంచమంతా తెలిసిన కథ ఇది. 1520లో కోర్తెస్ తన రాజుకి రాసిన ఉత్తరంలో, ఎప్పుడో వెళ్లిపోయిన ఒక ప్రభువు వారసులు మళ్లీ వస్తారని మోక్తెసూమా అన్నట్టు ఉంది కానీ కెత్సల్‌కోవాట్ల్ పేరు లేదు, దేవుడన్న మాటా లేదు. ఆ ముడి పడింది తరవాతి దశాబ్దాల్లో, సన్యాసుల చేతుల్లో, వాళ్ల శిష్యుల చేతుల్లో. 1989లో సూజన్ గిలెస్పీ, 2003లో కెమిల్లా టౌన్సెండ్ ఈ కథని పొరలు పొరలుగా విప్పి చూపించారు. ఇంత పెద్ద కల్పన సహగూన్ గ్రంథంలో ఉన్నా సహగూన్‌ని అబద్ధాలకోరు అనం. ఆధారాన్ని విమర్శనాత్మకంగా చదవాలంటాం. అల్వాకీ ఆ పాటి మర్యాద చాలు నాకు.

అల్వా పద్ధతి లేనివాడు కూడా కాదు. ఎందర్నో ముసలివాళ్లని కలిశానని, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారని, బొమ్మల రాత పూర్తిగా చదవగలిగినవాళ్లు ఇద్దరే దొరికారని తనే రాసుకున్నాడు. 1608 నవంబరులో తన రాతప్రతుల్ని తీసుకుని ఒతుంబా ఊరి పెద్దల దగ్గరకి వెళ్లాడు. స్థానిక గవర్నరు, ఆల్కాల్దెలు (ఊరి న్యాయాధికారులు), పెద్దలు కూర్చుని విన్నారు. తమ దగ్గరున్న పాత బొమ్మలతో, తాతల నోట విన్నవాటితో సరిచూశాం, ఇది నిజమైన చరిత్రేనని ధ్రువపత్రం రాసిచ్చారు. అర్జీకి బలం చేకూరాలని చేయించుకున్నదే అది, సందేహం లేదు. ఆ పెద్దలకీ తమ ఊరి గొప్ప నిలబడాలి. అయినా తన పుస్తకాన్ని అచ్చులోకి పంపేముందు ఊరి రచ్చబండ మీద పెట్టిన చరిత్రకారులు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? (అన్నట్టు అల్వా పుస్తకాలు ఆయన బతికుండగా అచ్చే కాలేదు.)

పైగా ఆయన చూసి రాసిన బొమ్మల్లో కొన్ని బతికే ఉన్నాయి. షోలోట్ల్ కోడెక్స్ అనే పటాల కట్ట ఇప్పుడు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. 1951లో చార్ల్స్ డిబుల్ దాన్ని బొమ్మ బొమ్మకీ వివరణతో అచ్చు వేయించాడు. ఒక పక్క ఆ పటం, ఇంకో పక్క 1970ల్లో ఎద్ముందో ఓగోర్మన్ పరిష్కరించిన అల్వా రచనలు పెట్టుకుంటే ఏ పెళ్లి పటంలో ఉంది, ఏ మాట అల్వా కలిపాడు అన్నది చాలాచోట్ల పట్టుకోవచ్చు. అబద్ధం ఎక్కడ మొదలైందో చూపించగల సాక్షి చరిత్రకారుడికి బంగారం లాంటివాడు.

ఆయన వల్ల జరిగిన నష్టం

ఇంత చెప్పాక రెండో వైపు దాటేస్తే అన్యాయం. నెసవల్‌కోయోట్ల్ ఒక్క దేవుణ్ణే నమ్మాడని, ఆయనకి బొమ్మ లేని గుడి కట్టాడని, నరబలి ఇష్టపడలేదని ఒక ఇతిహాసం ఉంది. అది పెరిగి పెద్దదైంది ప్రధానంగా అల్వా చేతిలోనే. 1843లో విలియం ప్రెస్కాట్ రాసిన మెక్సికో ఆక్రమణ చరిత్ర ద్వారా ఇంగ్లీషు లోకానికి పాకింది. కవిరాజుగా, తత్వవేత్తగా ఆయన బొమ్మ మెక్సికో వంద పెసోల నోటు మీద చాలా ఏళ్లుంది. తెస్కోకోలోనూ మిగతా నగరాల్లాగే బలులు జరిగాయని, ఈ సాధుమూర్తి వలస కాలపు సృష్టి అని జాంగ్సూ లీ వంటివాళ్లు గట్టిగానే వాదించారు. నేను వాళ్లతోనే ఉంటాను. మా పూర్వీకులు క్రైస్తవానికి ముందే సగం క్రైస్తవులని చెప్పుకోవడం అల్వాకి అవసరమైంది, చెప్పుకున్నాడు.

అల్వా ఎరగని నష్టం ఇంకోటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కింగ్స్‌బరో అనే ఐరిష్ ప్రభువు, మెక్సికో మూలవాసులు ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన తెగలేనన్న పట్టుదలతో, మెక్సికో రాతప్రతుల్ని భారీ సంపుటాలుగా వేయించాడు. ఆ అప్పులు తీరక 1837లో డబ్లిన్ జైలుపాలై, అక్కడ పట్టుకున్న జ్వరంతో చచ్చిపోయాడు. అల్వా రచనలు ఆయన పోయాక వచ్చిన చివరి సంపుటిలో వెలుగుచూశాయి. ప్రళయం, గోపురం, సముద్రం దాటొచ్చిన జనం, అన్నీ అందులో ఉన్నాయి కదా. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు మోర్మన్ రచయితలు తమ మతగ్రంథం నిజమనడానికి దాన్నే రుజువుగా పట్టుకున్నారు. బైబిల్ చదివిన మనిషి రాతలో బైబిల్ కనిపిస్తే ఆశ్చర్యమేముంది!

టోల్టెక్ తాతలు కావలసినవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు. 1970లో కాలిఫోర్నియా శాన్ డియాగోలో మెక్సికన్ మూలాలున్న కళాకారులు తమ బృందానికి తోల్తెకాస్ ఎన్ అస్త్‌లాన్ (అజ్టెక్కుల ఐతిహ్య స్వస్థలంలో టోల్టెక్కులు) అని పేరు పెట్టుకున్నారు. శ్వేతజాతి దేశంలో తమదీ ఒక కళా సంప్రదాయం ఉందని చెప్పుకోవడానికి ఆ పేరు వాళ్లకి ఆసరా అయింది. అది నాకు అర్థమవుతుంది, అల్వా అర్జీకి అది దగ్గరి చుట్టం. మా తమ్ముడి టీపాయ్ మీద పుస్తకం సంగతి వేరు. అందులో తులా లేదు, తెస్కోకో లేదు, పన్ను కట్టడానికి దున్నుకుంటున్న రాజుగారి వారసుడు లేడు. జ్ఞానం మాత్రం ఉంది, ఊరూ పేరూ లేకుండా.

నా వాదనలో నాకే మింగుడుపడని విషయం ఇంకోటి మిగిలింది. అల్వాని సమర్థిస్తున్నానంటే నేను ఒక దొర పక్షాన మాట్లాడుతున్నట్టే. ఆయన కుటుంబం కోసం పొలాల్లో పనిచేసినవాళ్లకి టోల్టెక్కుల గురించి ఏ కథలు తెలుసో ఆయన అడిగినట్టు లేదు. 1640ల్లో ఆ తియోతివకాన్ జనమే కోర్టుకెక్కారు. వీళ్లు ఇండియన్లు కారు, స్పానిష్ వాళ్లు, మా మీద దొరతనం చెల్లదు అని వాళ్ల అభియోగం. ముసలితనంలో అల్వా అది చూశాడు. దొర వంశం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఆయన చరిత్ర అంతా ఉంది. ఆ జనం వైపు నుంచి నాకు దొరికింది ఆ ఒక్క కేసే, అదీ స్పానిష్ గుమాస్తా రాసుకున్న మాటల్లో.